పన్నుకు గడువు, బండికి బురద

లోర్నా తిబోకి భర్త మీద పెద్దగా ఫిర్యాదులు లేవు. మెరిల్ తాగడు, గొంతు పెంచడు, పెట్టింది తింటాడు. కాకపోతే పెళ్లయిన ముప్పై ఏళ్లలో ‘తప్పు నాది’ అన్న మాట మాత్రం అతని నోట ఒక్కసారీ రాలేదు. తప్పులే చెయ్యని మనిషా అంటే, వంటింటి తలుపు తిరగేసి బిగించింది అతనే. పైగా అమెరికాలో, ఈ వెర్మాంట్ రాష్ట్రంలో తలుపులు ఇలాగే ఉండాలన్నాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఫ్రిజ్ తెరవాలంటే ముందు తలుపు ముయ్యాలి.

రాష్ట్రానికి ఆదాయపు పన్ను కట్టే ఆఖరి రోజు ఆ ఉదయం వచ్చేసింది. మేపుల్ చెట్ల నుంచి తీపి రసం కారే రోజులకీ పన్ను రోజులకీ ఏటా పోటీయే, గెలిచేది ఏటా రసమే. రసీదులన్నీ కట్టెల గూట్లో ఉన్నాయి. అందుకని మెరిల్ గడువు కోరుతూ కాగితం నింపాడు.

“కాగితంతో పాటు చెక్కూ పెట్టు. లెక్కలు చూపించడానికే గడువు, డబ్బు కట్టడానికి కాదు” అంది లోర్నా. ఈ మాట ఆవిడ ఫిబ్రవరి నుంచీ అంటూనే ఉంది.

“గడువంటే గడువే. లెక్కే తేలకుండా డబ్బెవరడుగుతారు?”

“పోనీ కంప్యూటర్‌లో పంపెయ్యనా? అయిదు నిమిషాల పని.”

“కంప్యూటర్ రేపు మాట మారుస్తుంది. తపాలా ముద్ర మార్చదు.”

“అయితే మట్టి రోడ్డు మంచుకి గడ్డకట్టి ఉండగానే బయల్దేరు. ఎండెక్కితే బురదైపోతుంది.”

“ఈ ఒక్క వాయి పాకం దింపేసి వెళ్తా.”

వాయి దించేటప్పుడు రసం కాచే పాత పెనం అడుగున మళ్లీ చుక్క కారింది. కిందటేడు సగం పాకం ఆ చిల్లుల్లోంచే బూడిదపాలైంది. మెరిల్ చిన్నగా నవ్వుకున్నాడు. పన్ను కోసం దాచిన డబ్బుతో కొత్త పెనానికి పొద్దున్నే చెక్కు రాసి, రోడ్డు పక్క తపాలా డబ్బాలో పెట్టి, పోస్టు బండి ఆగి తీసుకెళ్లేలా దాని ఎర్ర జెండా ఎత్తి వచ్చాడు మరి. పన్ను సంగతి గడువు తీరే శరత్కాలంలో చూసుకోవచ్చు.

ఎండెక్కాక బయల్దేరిన ట్రక్కు మొదటి మలుపులోనే ఇరుసు దాకా దిగబడింది.

పక్కింటి క్లేటన్ ట్రాక్టర్ తెచ్చాడు. “పక్కకి జరుగు, రెండు నిమిషాల్లో లాగేస్తా” అన్నాడు. రెండు నిమిషాల్లో ట్రాక్టరూ దిగబడింది. ఊరి రోడ్ల పని చూసే హార్లన్ కంకర లారీతో వచ్చాడు. కంకరతో సహా దిగబడ్డాడు. వీళ్లని తప్పించుకుని పోబోయిన పోస్టు బండి మెల్లగా, మర్యాదగా కాలవలోకి జారింది. అందులోంచి దిగిన ఫ్రాన్సిన్ నలుగురి బళ్లనీ చూసి, “ఏవిటయ్యా, ఊరేగింపా?” అంది.

నలుగురూ లోర్నా వంటింట్లోకి చేరారు. ఆవిడ అక్కడి అలవాటు ప్రకారం వేడి పాకాన్ని పళ్లెంలో మంచు మీద పోసి సాగే మిఠాయి చేసి, డోనట్లూ ఊరేసిన దోసకాయలూ ముందు పెట్టింది. మెరిల్‌కి ఒక్క ముక్కా దిగలేదు. “పోస్టాఫీసు మూసేస్తారు. ముద్ర పడదు. అయిపోయింది” అంటూ తల పట్టుకున్నాడు.

“నా గడువు కాగితం సోమవారమే వెళ్లిపోయింది. నువ్వు చెప్పినట్టే, చెక్కు లేకుండా” అన్నాడు క్లేటన్ దోసకాయ కొరుకుతూ.

“నాదీ అంతే” అన్నాడు హార్లన్.

లోర్నా గరిటె కింద పెట్టింది. “ఊరందరికీ ఇదే పాఠం చెప్పావా?”

“అడిగితే చెప్పా” అన్నాడు మెరిల్.

ఆవిడ మిగతా ఇద్దరి వైపు తిరిగింది. “బాబూ, డబ్బు ఇవాళే కట్టాలి. లేదంటే జరిమానా, దాని పైన వడ్డీ. గడువన్నది లెక్కల కాగితాలకే.”

క్లేటన్ దోసకాయ నోట్లోనే ఆగిపోయింది. “ఒరే మెరిల్! కిందటేడు నాకు జరిమానా పడిందెందుకో ఇప్పుడు తెలిసింది. రాష్ట్రం వాళ్ల పొరపాటన్నావు కదరా!”

లోర్నా కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. క్లేటన్ కట్టాడు, హార్లన్ కట్టాడు. ఇద్దరూ మెరిల్ వైపు చూడటం మానేశారు.

“ఇక మనది. ఖాతాలో సరిగ్గా సరిపోతుంది” అంది లోర్నా.

“సరిపోదు.” మెరిల్ గొంతు గుహలోంచి వచ్చినట్టుంది. “కొత్త పెనానికి చెక్కు రాశా. పొద్దున్నే డబ్బాలో పెట్టేశా.”

లోర్నా చేతులు తుడుచుకుని కంప్యూటర్ పక్కకి జరిపింది. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. అందరూ ఫ్రాన్సిన్ వైపు తిరిగారు.

“నన్ను చూస్తారేంటి? మీ డబ్బా దాకా నన్ను రానిస్తేగా! నాలుగడుగుల ఇవతలే కాలవలో పడేశారు.”

మెరిల్ లేచి బయటికి పరుగెత్తాడు. కిటికీలోంచి అందరికీ కనిపిస్తూనే ఉంది. డబ్బా దగ్గర కాసేపు అలాగే నిలబడ్డాడు, పెనాన్ని సాగనంపుతున్నట్టు. తర్వాత కవరు తీసుకుని ఎర్ర జెండా దించాడు. ఒక కాలికి బూటుతో, ఒక కాలికి తడి మేజోడుతో తిరిగొచ్చాడు. రెండో బూటు ఏమైందని ఎవరూ అడగలేదు.

చెక్కు చింపి పొయ్యిలో వేశాడు. లోర్నా గడువు కోరి, డబ్బు కట్టేసింది. నిజంగానే అయిదు నిమిషాలు పట్టింది.

“ఇంకో ఏడు ఆ చిల్లుల పెనమేనా?” అన్నాడు మెరిల్ నేల చూస్తూ.

“మాట్లు వేద్దాంలే. నేను పట్టుకుంటా.”

అతను తడి మేజోడు విప్పి పొయ్యి దగ్గర ఆరేశాడు. ఆ తర్వాత, నలుగురి ముందూ, స్పష్టంగా అన్నాడు:

“తప్పు నాదే లోర్నా. తలుపు సంగతి కూడా.”

ముప్పై ఏళ్ల ఆలస్యానికి లోర్నా జరిమానా మాఫీ చేసింది గానీ, వడ్డీ మాత్రం వదలనంది.