పాపను చూడబోయి

ఆ ఉదయం బెన్యాట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిలు పందెం తన ఊరి కొండ మీదుగా పోతుంది. రొట్టెల కొట్టు దగ్గర భార్య గరాసి పాపను ఎత్తుకుని నిలబడుతుంది. పాప పుట్టినప్పుడు అతను వేరే దేశంలో వేరే పందెంలో ఉన్నాడు, ఇంకా కళ్లారా చూడలేదు. సొంత ఊరు వచ్చినప్పుడు గుంపును దాటి ముందుకెళ్లి, ఇంటివాళ్లను ముద్దు పెట్టుకుని, మళ్లీ గుంపులో కలవడం సైకిలు పందేల్లో పాత మర్యాదే. తోటివాళ్లకు ఒక మాట చెబితే చాలు.

పందెం మొదలవకముందే చెప్పాడు. ఇన్నేళ్లూ జట్టు నాయకులకు నీళ్ల సీసాలు మోయడమే తప్ప ఒక్కసారీ గెలవని మనిషి, ఎవరు కాదంటారు? "వెళ్లిరావయ్యా, మా ముద్దు కూడా ఒకటి పెట్టు" అన్నారు. బెల్జియం జట్టు నాయకుడు డ్రీస్ మాత్రం ఆ సమయానికి కాఫీ తాగడానికి వెళ్లాడు.

కొండ మొదట్లో బెన్యాట్ ముందుకు దూకాడు. సంగతి తెలియని డ్రీస్ అదేదో ఎత్తుగడ అనుకున్నాడు. ఒకణ్ణి ముందే పంపించి, ఆనక నాయకుడు వెళ్లి వాణ్ణి అందుకుని, వాడి వెనక గాలి తగలకుండా సాగిపోవడం ఎత్తుపల్లాల దారిలో అందరికీ తెలిసిన ఎత్తే. "పట్టుకోండ్రా వాణ్ణి!" అని తనవాళ్లు ఇద్దర్ని తోలాడు.

ఆ ఇద్దరూ అతణ్ణి అందుకోవడం చూసి బెన్యాట్ జట్టు మేనేజరు కోల్డో కారులో ఎగిరిపడ్డాడు. బెన్యాట్ చెవిలో రేడియో మోగింది.

"ఒరేయ్, ఆగకు! వాళ్లను వదిలావంటే మన కొంప మునుగుతుంది."

"అన్నా, నేను వెళ్లేది పాపను చూడటానికి..."

"పాప ఎక్కడికీ పోదు. వాళ్లు పోతారు. తొక్కు!"

రొట్టెల కొట్టు రానే వచ్చింది. గరాసి పాపను రెండు చేతులా పైకెత్తింది. "ఆగలేనే!" అని అరుస్తూ బెన్యాట్ దూసుకుపోయాడు. ఒక దుప్పటి, ఒక ఎర్రటి మడమ కనిపించాయి, అంతే. "ఆగవయ్యా, ఇది నీ కూతురే!" అని వెనకనుంచి అత్తగారు కేకేసింది. జనం గొల్లుమని నవ్వారు. బెన్యాట్‌కు మాత్రం ఏడుపొచ్చింది.

ఇక అతనికి ఒకటే ధ్యాస. ఈ పందెం ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా వెనక్కి పోవచ్చు. చివరి కొండ మీద ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి తొక్కాడు. ఏడుస్తూ తొక్కేవాణ్ణి చూసి, వీడి పనైపోయింది, తనే ఆగుతాడులే అనుకున్నారు వెనక ఇద్దరూ. "నువ్వెళ్లు", "ముందు నువ్వెళ్లు" అని వాళ్లు వంతులు వేసుకుంటుండగానే బెన్యాట్ ముగింపు గీత దాటేశాడు. చేతులు కూడా ఎత్తలేదు. "మా ఊరికి బండేమైనా ఉందా?" అని అడిగాడు.

గెలిచినవాణ్ణి ఎవరు పోనిస్తారు? బహుమతి, ఫోటోలు, ఆపైన సత్తువ పెంచే మందు వాడాడేమోనని మూత్ర పరీక్ష. సీసా నింపితే గాని కదలడానికి లేదు. ఒంట్లో నీరంతా చెమటగా, కన్నీళ్లుగా పోయింది. ఎంత తాగినా చుక్క రావడం లేదు. ఎదురుగా అధికారి ఖాళీ సీసా పట్టుకుని ఆవులిస్తున్నాడు.

అంతలో తలుపు తోసుకుని గరాసి వచ్చింది. వాళ్ల నాన్న చేపల బండిలో వచ్చిన సంగతి వాసనే చెప్పింది. "ఇన్నేళ్లూ గెలవనివాడివి, ఈరోజే దొరికిందా నీకు?" అంటూ పాపను ఒళ్లో పెట్టింది.

బెన్యాట్ ఆ పిడికిళ్లను, ఆ రెప్పలను చూస్తూ ఉండిపోయాడు. "నీ ముక్కే" అన్నాడు. ఆ గీత దాటినప్పుడు రాని సంతోషం ఇప్పుడొచ్చింది. పాప కళ్లు విప్పి, నాన్నను తీరిగ్గా చూసి, విజేత చొక్కాను నిండా తడిపేసింది.

అధికారి సీసా మీదనుంచి తలెత్తకుండానే అన్నాడు: "అది చెల్లదు."