పన్నెండున్నర తర్వాత పిల్ల మీది

పసిపిల్లలను దినానికి మూడు గంటలకన్న ఎక్కువ చూసుకోవద్దు. చూసుకుంటే పాడైతరు. ఈ మాట నా సొంతం కాదు, మా గౌలిపుర గల్లీల ఉన్న అంగన్‌వాడీ కేంద్రం చెప్తున్నది. నోటితోని కాదు, తాళంతోని చెప్తున్నది. పొద్దుగాల తొమ్మిదిన్నరకు తెరుస్తరు. పన్నెండున్నరకు పిల్లకు అన్నం, గుడ్డు పెట్టి, మూతి తుడిచి, మన చేతిల పెడ్తరు. ఇగ పిల్ల మనది.

దీనికి మస్తుమంది లొల్లి చేస్తున్నరు. మూడు గంటలేంది, మేము నౌకర్లెట్ల చేసుకోవాలె అని. అయ్యా, ముప్పై ఒక్క ఏండ్లు బస్సు డిపోల కంట్రోలర్‌గ చేసి రిటైరైనోన్ని. ఏ బస్సు ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది అని రాసుడే నా పని. టైమ్ సంగతి నాకు చెప్తరా? మూడు గంటల్ల బస్సు మూడు ట్రిప్పులు కొడ్తది. ఒక పిల్ల పెరగలేదా?

మా ఇంటి సంగతే చూడుర్రి. నా కొడుకు నందు జల్‌పల్లిల కార్ఖానాల పని చేస్తడు. పొద్దుగాల ఎనిమిదింటికి పోతే రాత్రి ఎనిమిదింటికి వస్తడు. కోడలు స్రవ్య లాడ్ బజార్‌ల గాజుల దుకాణంల సేల్స్ చూస్తది. మనిషి చెయ్యి అట్ల చూసి రెండు-నాలుగు సైజా, రెండు-ఆరా అని చెప్పేస్తది, తొడిగినంక ఒక్క గాజు పగలదు. మనవరాలు సోనీ మొన్న మూడేండ్లు దాటి, అంగన్‌వాడీకి అర్హురాలైంది.

ఇప్పుడు సర్కారు తెలివి చూడుర్రి. లాడ్ బజార్‌ల షట్టర్లు పదకొండున్నరకు లేస్తయి, రాత్రి తొమ్మిదికి పడ్తయి. పాతబస్తీల దానికన్న ముందు లేచేది కోళ్లు, పాలోళ్లు మాత్రమే. అంటే స్రవ్య ఇంట్ల ఉన్నంతసేపు పిల్ల కేంద్రంల ఉంటది. స్రవ్య దుకాణానికి పోయిన గంటకు పిల్ల ఇంటికొస్తది. తల్లీబిడ్డ ఒకరికొకరు అడ్డం రాకుండ ఇంత పక్కాగ టైమింగు పెట్టాల్నంటే ఎంత పెద్ద దిమాక్ ఉండాలె! మా డిపోల కూడ ఇట్ల ఏనాడు కుదరలేదు. అక్కడ రెండు బస్సులు ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడేటివి.

పన్నెండున్నర సంది పిల్లను తాత చూసుకోవచ్చు గద అని మీరు అడుగుతరు. చూసుకున్న, నాలుగు దినాలు. నాకు మోకాళ్లు ఉన్నయి గాని పేరుకే. కూసుంటే లేచెటందుకు నాకు అయిదు నిమిషాలు పడ్తది. సోనీ మిద్దె మెట్లెక్కెటందుకు అర నిమిషం పడ్తది. అయిదో దినం నేను లేస్తుండంగనే అది మిద్దె మీద నీళ్ల ట్యాంకి ఎక్కి, పక్కింటోళ్లకు టాటా చెప్తున్నది. పక్కింటి బుచ్చమ్మ దించుకోని వచ్చి, "అన్నా, ఈ పిల్లను నువ్వు చూస్తున్నవా, నిన్ను ఈ పిల్ల చూస్తున్నదా?" అనడిగింది. ఆ రాత్రే ఇంట్ల నా డ్యూటీ క్యాన్సల్ చేసిన్రు.

పోయి సుగుణమ్మ టీచర్‌ను అడిగిన. కేంద్రమంత ఆమె ఒక్కతే నడుపుతది. సాయంత్రం నాలుగింటి దాకన్న ఉంచుకోరాదా టీచరమ్మా అన్న.

"బాపూ, బోర్డు మీద నాలుగే ఉన్నది, నాకు తెల్వదా?" అన్నది. "ఆయా పోస్టు ఖాళీ అయి రెండేండ్లాయె. పొద్దున సంది ముప్పై మందిని నేనే ఉచ్చకు తోల్కపోవాలె, నేనే తినిపియ్యాలె. మాపటికి రిజిస్టర్లు రాయాలె, ఫోన్ల ఫోటోలు ఎక్కియ్యాలె, మళ్ల ఇల్లిల్లు తిరిగి సర్వే చెయ్యాలె."

"ఏం సర్వే?"

"మీ ఇంట్ల చిన్నపిల్లలను పగలు ఎవరు చూసుకుంటున్నరు అని."

పాపం, ఇగ నేను ఇంటి తొవ్వ పట్టిన. చూసుకునే మనిషిని పంపి, ఎవరు చూసుకుంటున్నరని అడిగిస్తున్నరు. ఇంతకన్న నిఖార్సైన సర్వే ఉంటదా? ఇంటికి తాళమేసి, ఇంట్ల ఎవరున్నరని తలుపు కొట్టినట్టు.

సర్కారు టైమ్ మార్చుమనుడు తప్పు. మంచి పౌరుడు అట్ల అడగడు. సర్కారు టైమ్‌కు తగ్గట్టు ఊరు మారాలె. అందుకని నేను లాడ్ బజార్ మార్చెటందుకు బయలెళ్లిన.

స్రవ్య పని చేసే దుకాణం ప్రేమ్‌రాజ్ సేట్‌ది. మూడు తరాల సంది గాజులే. సేట్ మంచోడు, కాని నెల సంది స్రవ్య పన్నెండున్నరకు ఉరికొచ్చి పిల్లను తీసుకోని, దాన్ని బుచ్చమ్మకో ఇంకొకరికో బతిమిలాడి అప్పజెప్పి, మళ్ల దుకాణానికి పోయేసరికి రెండైతున్నది. "బేటీ, రెండింటికొస్తే నా గిరాకీని ఎవరు సంభాలించాలె? ఇంకో మనిషిని చూసుకుంట" అని ఆమెకు మొహమాటం లేకుండ చెప్పిండు. స్రవ్య ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఏడ్చింది. మా ఇంటి కిరాయి, సోనీ పాలు ఆమె జీతం మీదనే నడుస్తయి.

నేను సేట్‌ను కలిసి, దుకాణం తొమ్మిదిన్నరకే తెరువుర్రి, స్రవ్య పన్నెండున్నర దాక చేస్తది, సాయంత్రానికి ఇంకొకరిని పెట్టుకోర్రి అన్న. లోకమంత పొద్దుగాలనే లేస్తున్నదని చెప్పిన. సేట్ ఆరు దినాలు చూద్దాం అన్నడు.

మొదటి దినం తొమ్మిదిన్నరకు షట్టర్ లేసింది. రెండు నిమిషాల్ల ఎదురు దుకాణం ఖాదర్ భాయ్ లుంగీ మీదనే ఉరికొచ్చి, "సేట్, సబ్ ఖైరియత్ హై? అంత మంచిదేనా?" అనడిగిండు. పాతబస్తీల ఈ టైమ్‌కు షట్టర్ లేసిందంటే ఎవరన్న పోయిండాలె, లేకుంటే రెయిడ్ అయ్యుండాలె. పది గంటలకు ఇంకో ఇద్దరు వచ్చి సేట్ పక్కకు కూసోని భుజం నిమిరిన్రు. రెండో దినం సేట్ వియ్యంకుడు తెల్ల బట్టలేసుకోని వచ్చిండు. ఎవరూ పోలేదని తెలిసినంక ఆయనకు కొంచెం కోపం కూడ వచ్చింది.

గిరాకీ సంగతా? మూడో దినం ఒక మేక లోపలికొచ్చి క్యాలెండర్ తిన్నది. నాలుగో దినం ఒకామె వచ్చింది. స్రవ్య పానం లేచొచ్చినట్టు ముప్పై జతలు పరిచింది. ఆమె అన్నీ చూసి, "పాల ప్యాకెట్ యాడ దొరుకుతది బిడ్డా?" అనడిగింది.

అసలు కష్టం ఇంకోటున్నది. ప్రేమ్‌రాజ్ సేట్ బోణీ కాకముందు చాయ్ తాగడు. వాళ్ల తాత కాలం సంది అదే రివాజు. పదకొండున్నరకు తెరిస్తే పన్నెండింటికల్ల బోణీ, పన్నెండుంబావుకు చాయ్. ఇప్పుడు తొమ్మిదిన్నర సంది ఎండిపోయిన నోటితోని, తల పట్టుకోని కూసుంటున్నడు. ఆరో దినం ఆయన కండ్లు ఎర్రగైనయి. నాదిక్కు చూసి, "వైకుంఠం భాయ్, నీ మనవరాలి కోసం నా జాన్ తీస్తవా?" అన్నడు. నేనే గాజులు కొని బోణీ చేద్దామనుకున్న. కాని నాలాంటి ముసలోడు గాజులు కొంటే ఖాదర్ భాయ్ ఇంకేమనుకుంటడో అని ఊకున్న.

ఆఖరికి సేటే తొవ్వ చెప్పిండు. టైమ్ పాతదే, పదకొండున్నర. "పన్నెండున్నరకు పిల్లను ఇక్కడికే తోల్కరా. కౌంటర్ పక్కకు కూసుంటది. నా మనవరాలైతే కూసోదా?" అన్నడు.

చూసిన్రా? సర్కారు మూడు గంటలే ఇచ్చింది కాబట్టే కదా సేట్‌కు ఇంత మంచి మనసున్నదని మాకు తెలిసింది! తొమ్మిది గంటలు ఇస్తే తెలిసేదా?

ఆ దినం సంది నేను పన్నెండున్నరకు సోనీని తీసుకోని ఆటోల లాడ్ బజార్‌ల దించుతున్న. మూడు వారాలు రాజభోగం. సోనీ కౌంటర్ కింద మెత్త మీద పంటది, లేస్తది, జత తప్పిన సెట్లల్ల ఎర్ర గాజులు ఒక డబ్బల, పచ్చయి ఒక డబ్బల ఏస్తది. భుజం దాక గాజులేసుకోని వచ్చినోళ్లకు చూపెడ్తది. గిరాకీ పెరిగిందని సేట్ అన్నడు. స్రవ్య ముఖం మీద మళ్ల నవ్వొచ్చింది, పనిల మనసు పడ్డది.

పోయిన మంగళవారం, సాయంత్రం నాలుగింటికి, దుకాణాలు తనిఖీ చేసే సారు ఒకాయన వచ్చిండు. చేతిల ఫైలు. సోనీని చూసి ఆగిపోయిండు.

"ఏం చేస్తున్నవ్ పాపా?"

సోనీ తలెత్తకుండ, "పని" అన్నది. మా ఇంట్ల అమ్మ ఎటు పోయిందంటే పనికి పోయిందంటం. అది కూడ అమ్మతోనే వస్తున్నది కాబట్టి పనికే వస్తున్ననని దాని నమ్మకం.

"పైసలిస్తరా?"

"బిస్కెట్ ఇస్తరు."

సారు అదంత రాసుకున్నడు. సేట్ చేతులు జోడిచ్చిండు, స్రవ్య బతిమిలాడింది, సోనీ ఆయనకు ఒక గాజు తొడగబోయింది. అదీ రాసుకున్నడు. రెండో దినం నోటీసొచ్చింది. నేను నా కండ్లతోని చదివిన. బాలకార్మికురాలి వయసు: మూడు సంవత్సరాలు. పని స్వభావం: గాజులను రంగులవారీగా వేరుచేయుట. పనివేళలు: మధ్యాహ్నం నుండి రాత్రి తొమ్మిది వరకు. వేతనం: బిస్కెట్లు.

మా వంశంల ఇంత చిన్న వయసుల నౌకరి దొరికినోళ్లు లేరు. నాకు డిపోల ఇరవై ఆరేండ్లకు దొరికింది. గర్వపడాలె గద! కాని సేట్ భయపడ్డడు. "మాఫ్ కరో భాయ్, పిల్లను ఇగ తేకుర్రి. స్రవ్య టైమ్‌కొస్తే రానియ్, సోమవారం దాక ఆమె జాగల ఇంకొకరిని పెట్టుకోను. ఆమెలాంటి మనిషి నాకు మళ్ల దొరకదు, గాని నేనేం చెయ్యాలె?" అన్నడు. ఆయన తప్పు లేదు. నాకు ఆయన మీద కోపం కూడ లేదు.

నోటీసుల ఆఖరికి ఒక ప్రశ్న ఉన్నది. సదరు బాలిక పగటివేళ సంరక్షణలో కాకుండా దుకాణంలో ఎందుకున్నది? జవాబు రాయనీకి రెండు లైన్ల జాగ ఇచ్చిన్రు. పిల్ల నీది, జవాబు నువ్వే రాయి అని సేట్ ఆ కాయిదం నా చేతిల పెట్టిండు.

నేను నిన్నటి సంది ఆ నోటీసును మళ్లమళ్ల చూస్తున్న. సోనీ పుట్టి మూడేండ్లు దాటింది. సాయంత్రం నాలుగింటికి ఈ పిల్ల ఎక్కడున్నదని సర్కారు అడిగింది ఇదే మొదటిసారి. ఇంత ఫికర్ ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు.

పెన్ను తీసుకోని ఒక లైన్ల జవాబు రాసిన: "ఎక్కడుండాల్నో మీరే చెప్పుర్రి సారూ, అక్కడ దించి వస్త."

స్రవ్య నా వెనక నిలబడి భుజం మీదికెల్లి చదివింది. "మామా, ఇంకో లైన్ ఖాళీగున్నది గద," అన్నది. "సోమవారం లోపల చెప్పుమని రాయి."