బిల్లు వద్దన్న పాపానికి

ఆ శనివారం పొద్దున సోహైల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒంటిగంటకు ఇల్లందులోని లారీల ఆఫీసు నుంచి బయటపడాలి, ఖమ్మం బస్సెక్కాలి, నాలుగింటికి కౌన్సెలింగ్ చేసే ఫరహా మేడం దగ్గర గంటసేపు మనసులో ఉన్నది చెప్పుకోవాలి, ఏమీ ఎరగనట్టు ఇంటికి చేరాలి. రెండు నెలలుగా ఇలాగే నెట్టుకొస్తున్నాడు.

తండ్రి పోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. ఈ సంగతి తెలిస్తే తల్లి బేగం బెంగతో మంచం పడుతుందని భయం. భర్తను పోగొట్టుకున్న మనిషికి కొడుకు దిగులు కూడా ఎందుకని దాచాడు.

కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు ఉంది. అతనికీ తల్లికీ కౌన్సెలింగుతో సహా వర్తిస్తుంది. కానీ కాగితాలు మేనేజర్ హాతీరాం బల్ల మీదుగా పోవాలి. హాతీరాం చాలా మంచివాడు, ఎవరి కష్టమైనా నలుగురికీ చెప్పి బాధపడతాడు. కిందటేడు ఆఫీసులో పనిచేసే జైరాం మొలల ఆపరేషన్ బిల్లు పెట్టుకుంటే, సాయంత్రానికల్లా చాయ్ హోటల్ అతను "కారం తగ్గించు అన్నా" అని సలహా ఇచ్చాడు. అందుకే సోహైల్ చేతి డబ్బే ఇస్తున్నాడు.

"బిల్లు వద్దు మేడం, ఇంట్ల ఎవలన్న చూస్తరు. చీటీ మీద టైం రాసియ్యిన్రి, సాలు," అన్నాడు మొదటి రోజే.

ఆవిడ అలాగే "ఫరహా, శనివారం నాలుగు గంటలు" అని రాసి, కింద ఖమ్మం ఇంటి చిరునామా వేసి ఇచ్చింది. అచ్చు బిల్లయితే పైన కౌన్సెలింగ్ అని ఉండేది. చీటీలో మనిషి ఎవరో తెలిపేది ఆడపిల్ల పేరొక్కటే. చొక్కా ఉతకబోతూ బేగం దాన్ని చూసింది.

పెళ్లికాని కొడుకు, శనివారం వస్తే ఇస్త్రీ చొక్కా, అత్తరు, జేబులో ఫరహా. ఆమె వెంటనే తమ్ముడు మున్వర్‌ను పిలిచింది. గాజుల దుకాణం నడిపే మున్వర్‌కు పెళ్లి సంబంధమంటే సొంత పని మానుకునేంత ఉత్సాహం. ఖమ్మం పోయి ఆ ఇంటికి ఎదురుగా నిలబడి చూసొచ్చాడు. గేటుకు బోర్డు లేదు. సోహైల్ లాంటివాళ్లు జంకుతారని ఆవిడే పెట్టలేదు.

"ఇల్లు మంచిగున్నది ఆపా. గని పోరగాండ్లు శానమంది వస్తున్నరు. ఒక్కొక్కడు గంటసేపు కూసుంటున్నడు. మనం జల్దీ పోకుంటే పిల్ల చెయ్యి దాటిపోతది."

ఇదంతా సోహైల్‌కు తర్వాత తెలిసింది. ఆ శనివారం ఫరహా మేడం ఇంటి తలుపు తోసేసరికి ముందు గదిలో తల్లి పండగ దుపట్టాతో కూర్చుని ఉంది. పక్కన మామ కొత్త టోపీ పెట్టుకుని ఉన్నాడు. మధ్యలో జరీ గుడ్డ కప్పిన పళ్లెంలో మిఠాయి, ఖర్జూరాలు.

"రా బేటా, సిగ్గు పడకు," అన్నాడు మున్వర్.

"మామూ, మీరు ఈడికెందుకు వచ్చిన్రు?"

"పెండ్లి పైగాం తెచ్చినం. మా సోహైల్ ఎరుకేనా అని తలుపు తీసినామెనడిగితే, ఎవలొస్తరో నేను చెప్పొద్దు అన్నది. ఎంత అదబ్, మర్యాద ఉన్న ఇల్లు! ఆమె పిల్ల తల్లి గావచ్చు. పిల్లను లోపట కూసోబెట్టిన్రు."

ఇంతలో లోపలి తలుపు తెరుచుకుని ఒక కుర్రవాడు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. మున్వర్ గుండె కరిగిపోయింది. "పాపం, వీణ్ణి వద్దన్నరు," అని మేనల్లుడి చెవిలో చెప్పి, కుర్రవాడి చేతిలో లడ్డూ పెట్టాడు. "ఫికర్ చెయ్యకు బాబూ. నీకూ ఇంకో సంబంధం దొరుకుతది." అతను లడ్డూ వైపు ఒకసారి, మున్వర్ వైపు ఒకసారి చూసి, తింటూ వెళ్లిపోయాడు.

నలభై అయిదేళ్ల ఫరహా మేడం గుమ్మంలో నిలబడింది. సోహైల్ చెప్పమంటే తప్ప నోరు విప్పనన్నట్టు అతని వైపే చూస్తోంది. బేగం లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మా దగ్గర ఎక్కువ ఏం లేదు. గని మీ పిల్లను నా బిడ్డ లెక్క చూసుకుంట."

అప్పటిదాకా ఎలా తప్పించుకోవాలా అని చూస్తున్న సోహైల్ ఆ మాటకు తల్లి దుపట్టా కేసి చూశాడు. తండ్రి పోయాక ఆమె పండగ బట్ట కట్టడం ఇదే మొదలు.

"పిల్ల లేదు అమ్మీ. ఫరహా అంటే ఈమెనే. మనసు బాగలేనోళ్లతోని మాట్లాడుతది. అబ్బా పోయినకాడికెళ్లి నాకు నిద్ర పడ్తలేదు. నీకు తెలిస్తే తట్టుకోలేవని చెప్పలే."

మున్వర్ నెమ్మదిగా జరీ గుడ్డ మళ్లీ పళ్లెం మీద కప్పాడు. తల్లి ఏడుస్తుందని సోహైల్ సిద్ధపడ్డాడు. ఆమె మాత్రం కుర్చీలో కూలబడి, కొడుకు మొహం కేసి చూసింది.

"నిద్ర పడ్తలేదా? నీగ్గూడనా?"

ఒకే ఇంట్లో, ఒకరి కోసం ఒకరు నిద్ర నటిస్తూ తల్లీకొడుకులు ఎనిమిది నెలలు గడిపారన్నమాట. సోహైల్ ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు.

"ఇయ్యాల్టి గంట నాకియ్యి బేటా," అంది బేగం, లోపలికి పోతూ.

గంట తర్వాత కళ్లు ఉబ్బి, మొహం తేలికపడి బయటికొచ్చింది. సోహైల్ పర్సు తీశాడు.

"కార్డు ఉండంగ చేతి పైసలెందుకు? బిల్లు తీస్కో," అంది.

"ఆఫీసుల అందరికీ తెలుస్తది అమ్మీ."

మున్వర్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు ఆఫీసు నుంచి ఎల్లినంక హాతీరాం సార్‌కు ఫోన్ జేసిన బేటా, పెండ్లి మాటకు పోతున్నమని. సోమవారం మిఠాయి తెస్తవని ఆఫీసంత చూస్తున్నరు."

పెళ్లికూతురేదని అడిగే ఆఫీసుకు బిల్లు చూపించడమే తేలికనిపించి, సోహైల్ అచ్చు బిల్లే అడిగి తీసుకున్నాడు. అయితే వచ్చే శనివారం నుంచి నాలుగింటి సమయం బేగం తన పేరున రాయించుకుంది; సోహైల్‌ను అయిదింటికి రమ్మన్నారు, అదీ ఎవరైనా మానుకుంటేనే.