చివరి ప్రశ్న

విశ్వవిద్యాలయాలకూ పాఠశాలలకూ మధ్య సహకారం వర్ధిల్లాలని పెద్దలు నిర్ణయించిన ఫలితంగా, తిరుపతి నుంచి సత్యవేడు దాపున ఉన్న ఒక ఉన్నత పాఠశాలకు ఒక జీపూ, జీపు నిండా శిక్షణలో ఉన్న ఉపాధ్యాయులూ, వారి ఆచార్యులు ఆదిమూలంగారూ విచ్చేశారు. విశ్వవిద్యాలయం శాస్త్రాన్ని సమకూర్చింది. పాఠశాల పిల్లలను సమకూర్చింది. ఇంతకన్న న్యాయమైన పంపకం ఉండబోదు.

శాస్త్రం ప్రకారం, పాఠానికి ముందు ఉపాధ్యాయుడు పిల్లలను కొన్ని ప్రశ్నలు అడగాలి. చివరి ప్రశ్నకు మాత్రం ఎవరికీ సమాధానం తెలియకూడదు. అప్పుడే ఆయన "నేడు దానిని గురించి తెలుసుకుందాం" అంటూ నల్లబల్లపై పాఠం పేరు రాయగలడు. పిల్లల అజ్ఞానమే ఈ పద్ధతికి పునాది కనుక దానిని జాగ్రత్తగా కాపాడవలసి ఉంటుంది.

అయితే వచ్చినవారందరికీ కలిపి ఆకు బొమ్మ పటం ఒక్కటే ఉండటం వల్ల, తొమ్మిదో తరగతికి అందరూ ఆ పాఠమే చెబుతూ వచ్చారు. చివరకు వారిలో శాంతయ్య అనే ఆయన వంతు వచ్చింది. "మొక్కలు ఆహారాన్ని ఎలా తయారుచేసుకుంటాయి?" అని ఆయన చివరి ప్రశ్న వేయగానే, కూలి చేసుకునే తాయమ్మ కూతురు సంతోషమ్మ లేచి ఆకు, ఎండ, నీరు, గాలి అన్నీ వరుసగా అప్పజెప్పింది. శాంతయ్యకు నల్లబల్లపై పాఠం పేరు రాసే వీలు లేకుండా పోయింది.

ప్రధానోపాధ్యాయులు దామోదరంగారు పరుగున వచ్చారు.

"ఏం పాపా, తెలిస్తే మాత్రం సెప్పేసేదేనా? ఆయప్ప మార్కులు ఏం గావాల?"

"అడిగినాడు గదా సార్!"

"అడిగేది సెప్పేదానికి గాదు పాపా! ఆడ సూడు, మిగతావాళ్ళు ఎంత బుద్ధిగా ఉండారో!"

"ఈ బాలిక ఉమ్మడి కృషికి విఘాతం" అని ఆదిమూలంగారు ప్రసంగించి, ఆమెకు నోరు అదుపులోకి వచ్చేదాకా వరండాలో కూర్చోబెట్టమన్నారు. మరునాడు తాయమ్మ కూలి మానుకుని వచ్చింది.

"నా బిడ్డ ఏం తప్పు జేసింది సామీ? సదువుకుంటాదని గదా పంపినాను!"

ఆ ప్రశ్నకు నిజంగానే ఎవరివద్దా సమాధానం లేదు. శాస్త్రరీత్యా చూస్తే, చక్కటి చివరి ప్రశ్న అదొక్కటే.

శిక్షణలో ఉన్నవారి ముగింపు పరీక్షనాడు, నోరు మెదపనన్న షరతు మీద సంతోషమ్మను లోపలికి రానిచ్చారు. శాంతయ్య చివరి ప్రశ్న వేశాడు. ఆమె చేతులు కట్టుకుని నేల చూసింది. తరగతి అంతా దివ్యమైన అజ్ఞానంతో నిశ్శబ్దంగా ఉంది. శాంతయ్యకు ప్రథమశ్రేణి వచ్చింది. సంతోషమ్మకు క్రమశిక్షణకు బహుమతి వచ్చింది. సహకారం ఫలించిందని ఆచార్యులవారు ప్రకటించారు.

ఇందులో తప్పెవరిదని పాఠకులను అడుగుతున్నాను. సమాధానం తెలిసినవారు, అలవాటు ప్రకారం, చేతులు కట్టుకునే ఉండగలరు.