ఒక్క బండీ లేని రోడ్డు

గురువారం ఉదయం లెక్కలాయన వంటింటి బల్ల మీది టీ గ్లాసులు పక్కకు జరిపి, రోడ్ల మ్యాపు పరిచి, దాని మీద ఎర్ర పెన్సిలుతో ఒక వంకర గీత గీశారు. ఆ గీత సముద్రం ఒడ్డున మొదలై, కొండ చుట్టూ ఏడు మలుపులు తిరిగి, కనుమ మీద ఒక రాతి అరుగు దగ్గర ఆగింది.

"ఆదివారం ఆరింటికి బయల్దేరతాం. పన్నెండు కిలోమీటర్లు. తొమ్మిదికల్లా పైన కూచుని సముద్రం చూస్తుంటాం," అన్నారు, రైళ్ళ టైములు చెబుతున్నంత ధీమాగా.

భార్య చేతిలో గరిటె ఆగింది. "ఒక్క బండీ ఉండదుగా?"

"ఉండదు."

"ఒక్కటి ఎదురొచ్చినా నేను దిగిపోతా. దిగానంటే మళ్ళీ జన్మలో ఆ సైకిలు ముట్టను. ముందే చెబుతున్నా."

"ఏ రోడ్డు మీద ఏ గంటకి ఎన్ని బండ్లు తిరుగుతాయో నాకు కాక ఇంకెవరికి తెలుసోయ్!"

అది గొప్పలు పోవడం కాదు. రోడ్ల శాఖలో ఆయన ఉద్యోగమే అది. ఇరవై రెండేళ్ళుగా మలుపుల దగ్గర గొడుగు వేసుకుని కూర్చుని, వచ్చే పోయే బండ్లకు నిలువు గీతలు గీసి, నాలుగు గీతలకొక అడ్డగీత కొట్టి, సాయంత్రానికి కూడి పైకి పంపుతున్నారు. ఏ రోడ్డు వెడల్పు చేయాలో, ఏ ఊరికి బస్సు వేయాలో ఆ కూడికను బట్టే తేలుతుంది. వారమంతా బండ్లు లెక్కపెట్టే మనిషికి ఆదివారం బండి మొహం చూడబుద్ధి కాదు కదా! అందుకే ఆయన దగ్గర ఇంకో నోటుబుక్కు ఉంది. కొండల్లో, సముద్రం పక్కన, సైకిలు తప్ప మరొకటి పెద్దగా తిరగని రోడ్లన్నీ అందులో ఉన్నాయి.

ఇన్నేళ్ళూ ఆ రోడ్ల మీద ఆయన ఒంటరిగానే తిరిగారు. భార్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. వార్డులో ఆవిడ గొంతు వినబడితే చాలు, డాక్టర్లు కూడా చేతులు రెండోసారి కడుక్కుంటారు. అంతటి మనిషికి బండ్లంటే మాత్రం హడలు, రోడ్డు దాటాలన్నా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలి. అయినా మూడు నెలల క్రితం, యాభయ్యో ఏట, ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో ఎవరి కంటా పడకుండా సైకిలు నేర్చుకుంది. పైదాకా తొక్కేవరకు ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని భర్త దగ్గర మాట తీసుకుంది. ఇక మీదట ఆదివారాలు ఇద్దరూ కలిసి తిరగొచ్చని ఆయనకు కొండంత ఆశ పుట్టింది. ఆ ఆశ ఎంతటిదో ఆవిడకు చెప్పలేదు.

నోటుబుక్కు ప్రకారం ఆదివారం ఆరు నుంచి తొమ్మిది దాకా కనుమ రోడ్డు మీద తిరిగేవి మూడే మూడు: పాల వ్యాను, నీళ్ళ ట్యాంకరు, పశువుల డాక్టరు జీపు. ఇంకొకరైతే మూడే కదా అని ఊరుకునేవారు. లెక్కలాయన మూడును సున్నా చేద్దామనుకున్నారు. తంటా అంతా అక్కడే వచ్చింది.

శుక్రవారం పాల వ్యాను డ్రైవరును పట్టుకున్నారు.

"ఆదివారం కొండ మీదికి తొమ్మిది దాటాక వెళ్ళవయ్యా."

"పాలు విరిగిపోతాయి సార్. ఎందుకూ?"

"కారణం అడక్కు. ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ రోడ్డు మీద ఒక్క బండి కనబడకూడదు. కనబడిందా, నా మూడు నెలల కష్టం మట్టికొట్టుకుపోతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

డ్రైవరుది కొండ మీది ఊరే. ఆ ఊరివాళ్ళు బస్సు కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. "ఈ రోడ్డున రాకపోకలు లేవు" అని మూడుసార్లూ జవాబు వచ్చింది. మూడు జవాబుల కిందా ఉన్నది లెక్కలాయన కూడికే. అందుకని డ్రైవరుకు సంగతంతా ఇట్టే అర్థమైపోయింది. అర్థమైనదంతా తప్పే అయినా, ఆ తప్పులో ఎక్కడా లోటు లేదు.

ట్యాంకరు అతనికీ అవే మాటలు చెప్పారు. పశువుల డాక్టరు మాత్రం "ఆవు మీ గడియారం చూసి ఈనదండీ" అని విసుక్కుని, సరే చూద్దాం లెమ్మన్నారు. ఆ సాయంత్రమే ముగ్గురూ కొండ మీది ఊళ్ళో ప్రెసిడెంటు ఇంటి వరండాలో తేలారు. ప్రెసిడెంటు అంటే ఊరి సంఘానికి పెద్ద. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. సొంత ఊరికి ఒక్క బస్సయినా తెచ్చుకోలేకపోయానన్న దిగులు ఆయనకు తిండి సయించనివ్వడం లేదు.

"మళ్ళీ లెక్క పెడుతున్నారు," అన్నాడు పాల వ్యాను డ్రైవరు. "ఈసారి ముందే మన బండ్లు ఆపించి, సున్నా రాసుకుని పోదామని ఎత్తు."

ప్రెసిడెంటు మేకుకు తగిలించి ఉన్న విజిల్ అందుకున్నాడు. "ఊళ్ళో చక్రమున్నదేదీ ఆదివారం ఇంటి దగ్గర ఉండకూడదు. కిందికెళ్ళి తిరగడం, పైకొచ్చి తిరగడం. నేను విజిల్ వేసేదాకా ఎవరూ ఆగొద్దు." అంతటితో ఆగక, సాక్షిగా ఉండమని రోడ్ల శాఖ ఇంజనీరుకు ఫోను కూడా చేశాడు.

శనివారం పాల వ్యాను డ్రైవరు లెక్కలాయనకు ఎదురుపడి చేతులు జోడించాడు. "రేపు చూడండి సార్, రోడ్డు ఎలా ఉంటుందో!" మనుషుల్లో ఇంకా మంచితనం మిగిలే ఉందని లెక్కలాయన ఇంటికొచ్చి భార్యతో అన్నారు.

ఆదివారం మొదటి రెండు కిలోమీటర్లూ ఆయన నోటుబుక్కులో రాసుకున్నట్టే ఉన్నాయి. ఎడమ పక్కన కింద సముద్రం, కుడి పక్కన తడిసిన కొండరాయి, మధ్యలో ఇద్దరే. ఆవిడ సైకిలు మొదట కాస్త అటూ ఇటూ ఊగి, తర్వాత కుదురుకుంది. పక్కకు తిరిగి ఒకసారి నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి, ఈ ఉద్యోగంలో చేరినందుకు మొదటిసారి ఆయనకు ఆనందం కలిగింది.

రెండో మలుపు తిరగ్గానే ట్రాక్టరు ఎదురైంది. దాని ట్రాలీలో ఎనిమిది మంది కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

ఆవిడ బ్రేకు నొక్కి, ఒక కాలు నేల మీద ఆనించి, పిట్టగోడ పట్టుకుంది. "ఏవండీ! ఒక్కటీ ఉండదన్నారు?"

"అది... అది లెక్కలో లేని బండి."

"రాసుకోండి సార్!" అని అరిచి ట్రాక్టరు వెళ్ళిపోయింది. దాని వెనక రెండు ఆటోలు, స్కూలు వ్యాను, పాల వ్యాను, పాల వ్యాను వెనక నీళ్ళ ట్యాంకరు. ట్యాంకరు వెనక ఎప్పుడో కనుమ మీద పనికొచ్చి అక్కడే ఉండిపోయిన రోడ్డు రోలరు, ప్రపంచంలో తొందరన్నదే లేనట్టు. అందరూ ఆయనకు నమస్కారాలు పెట్టారు, అందరూ రాసుకోమన్నారు. పది నిమిషాల్లో అదే ట్రాక్టరు కింద నుంచి పైకి వచ్చింది.

"నేను దిగిపోతున్నా."

"కాలు నేల మీద పెట్టడం దిగడం కాదు. ఇంకా సీటు మీదే ఉన్నావు. కాసేపు ఓపిక పట్టు, అయిపోతాయి."

అవి అయిపోయేవి కావు. ఊళ్ళో ఉన్నవి పందొమ్మిది బండ్లే అయినా గిరగిరా తిరుగుతున్నాయి. లెక్కలాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దు వద్దనుకుంటూనే ఆయన వేళ్ళు జేబులో కాగితం మీద గీతలు గీస్తున్నాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు ఊరికే పోదు.

ఎనిమిదింటికి నాలుగో మలుపు దగ్గర రోలరు పైకి ఎక్కలేక అడ్డంగా నిలిచింది. పైవి కిందికి రాలేవు, కిందివి పైకి పోలేవు. ఒక్కో ఇంజనే ఆగిపోయింది. బారు చివర ఇంజనీరు జీపు కూడా ఇరుక్కుంది. అప్పుడు పై నుంచి ఎవరిదో కేక వినిపించింది.

"అమ్మమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది! స్కూలు వ్యానులో! ఎవరైనా రండి!"

ఆవిడ పిట్టగోడ వదిలేసింది. "తప్పుకోండి," అంది. అది వార్డులో గొంతు. ట్రాక్టరుకూ ఆటోకూ మధ్య మూరెడు సందులోంచి సైకిలు దూసుకుపోయింది. ట్యాంకరు పక్కగా, రోలరు ముందు నుంచి, బెల్లు కొడుతూ, లేచి నిలబడి తొక్కుతూ, రెండు మలుపులు ఎక్కేసింది. లెక్కలాయన వెనకాలే వెళ్ళబోయి, ఆటో అద్దం మోచేతికి తగిలి, దిగి సైకిలు తోసుకుంటూ నడిచారు.

ఆయన పైకి చేరేసరికి ముసలమ్మ కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుని నీళ్ళు తాగుతోంది. కడుపులో ఏమీ లేకుండా ఆరుసార్లు కొండ తిప్పితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. హెడ్ నర్సు రోడ్డు మధ్యలో సైకిలు మీదే ఉండి, ఒక్కొక్కరికీ పని చెబుతోంది.

"ట్యాంకరూ, వెనక్కి. ఇంకా. ఇంకా వెనక్కి పోవయ్యా, సముద్రం దూరంగానే ఉంది! ఆటో, నువ్వు గోడకి ఆనించు. ఆ విజిల్ ఎవరిదండీ? ఇటివ్వండి."

ప్రెసిడెంటు విజిల్ ఇచ్చేశాడు. కండక్టరుగా ఉన్న ముప్పయ్యేళ్ళలో ఆయన ఎవరికీ ఇవ్వలేదు దాన్ని.

ఇంజనీరు చెమటలు తుడుచుకుంటూ నడిచొచ్చి లెక్కలాయన మీద విరుచుకుపడ్డారు. "సెలవు రోజు లెక్క పెట్టమని ఎవడిచ్చాడయ్యా ఆర్డరు?"

లెక్కలాయన నోరు తెరిచేలోపే ప్రెసిడెంటు ఇంజనీరు రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "మీరే కదండీ! మా ఊరి బాధ చూడ్డానికి స్వయంగా వచ్చిన ఆఫీసరు ఇన్నేళ్ళలో మీరొక్కరే!" చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు.

ఇంజనీరు గొంతు సవరించుకున్నారు. "అవును, నేనే. అరగంట నుంచి ఇరుక్కుని కళ్ళారా చూశాను. రాకపోకలు లేవని రాసిందెవరసలు? రేపు పొద్దున్నే రిపోర్టు నా బల్ల మీద ఉండాలి."

తొమ్మిదింటికి రోడ్డు ఖాళీ అయింది. లెక్కలాయన భయపడుతూ కనుమ మీదికి చేరారు. ఆవిడ అప్పటికే రాతి అరుగు మీద కూర్చుని ఉంది. ముఖం ఎర్రబడింది, జుట్టు రేగిపోయింది. కింద సముద్రం మొత్తం కనబడుతోంది.

"నేను మాట నిలబెట్టుకోలేకపోయాను," అన్నారాయన. "నీతో ఆదివారాలు తిరగాలని చాలా ఆశపడ్డానోయ్. ఇక సైకిలు ముట్టవని తెలుసు."

ఆవిడ ఆయన చెయ్యి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "వచ్చే ఆదివారం హైవే మీద వెళ్దామండీ. అక్కడైతే బండ్లు ఇలా అడ్డంగా ఆగిపోకుండా సాఫీగా పోతుంటాయి."

లెక్కలాయన గుండెల్లో రాయి పడింది. అయినా "సరే" అన్నారు. ఆవిడతో హైవే అంటే హైవేయే మరి.

సోమవారం పొద్దున ఇంజనీరు బల్ల మీదికి రిపోర్టు చేరింది. కనుమ రోడ్డు, ఆదివారం, ఆరు నుంచి తొమ్మిది వరకు దాటిన బండ్లు నూట నలభై మూడు, సైకిళ్ళు ఒకటి, రెండో సైకిలును తోసుకుంటూ వచ్చిన కారణంగా నిబంధనల ప్రకారం పాదచారుల కింద చూపడమైనది.