లోపలివైపు పిడి లేని గేటు

ఆ శుక్రవారం ఉదయం సోల్వై వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పార్కు తెరిచాక రోలర్ కోస్టర్ చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. పదకొండింటికి తనిఖీ అధికారి వస్తాడు. ఆయనకు కొత్త కంచె చూపించి, కాఫీతోపాటు దాల్చినచెక్క రొట్టె పెట్టి, సంతకం పుచ్చుకుని సాగనంపాలి. ఆ తర్వాత కాసేపు కాళ్లు చాపుకుని కూర్చోవాలి.

రోన్‌హోయ్ పార్కులో సందర్శకుల భద్రత చూసే పని ఆమెది. డెన్మార్క్ పడమటి తీరాన, సముద్రపు గాలికి ఎదురుగా నిలబడి పందొమ్మిదేళ్లుగా అదే పని చేస్తోంది. ఆమెకు శత్రువులు ఇద్దరే: ఒకటి గాలి, రెండు జనం. గాలి జనం టోపీలు ఊడగొట్టి పట్టాల కింద పడేస్తుంది. జనం వాటికోసం కంచె దూకుతారు. పోయిన వేసవిలో ఒక పెద్దమనిషి రంగు వెలిసిన టోపీకోసం లిండోర్మ్ కింద దూరాడు. లిండోర్మ్ అంటే ఆ పార్కులోని పెద్ద రోలర్ కోస్టర్. అది గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో ఆయన నెత్తి మీదుగా జానెడు ఎడంలో దూసుకుపోయింది. ఆయన మాత్రం టోపీ దులుపుకుంటూ బయటికి వచ్చి, గడ్డి ఎందుకు కోయించలేదని సోల్వైనే నిలదీశాడు.

కొత్త కంచె వేయించింది అందుకే. మనిషిన్నర ఎత్తు, పసిపిల్ల వేలు కూడా దూరనంత సన్నని వల. గేటు దానంతటదే మూసుకుని తాళం పడుతుంది. లోపలి నుంచి తెరిచే పిడి ఒక్కటే ఇంకా రాలేదు. కంపెనీవాళ్లు బుధవారం పంపిస్తామన్నారు. అందాకా ఎవరైనా లోపలికి వెళితే ఇంకొకరు గేటు పట్టుకుని నిలబడాలని సోల్వై కాగితం మీద రాసి పెట్టింది.

అంతకంటే పెద్ద నియమం ఇంకొకటుంది. లోపలికి వెళ్లే ముందు బండి ఆపాలి. బండి నడిపే తాళంచెవిని, గేటు తాళంచెవిని ఎర్రపెట్టెలో పెట్టాలి. ఆ పెట్టెకు, లోపలికి వెళ్లే మనిషి తన సొంత తాళం వేసి చెవి జేబులో వేసుకోవాలి. ఆ మనిషి బయటికి వచ్చి తన చేత్తో తాళం తీస్తే తప్ప బండి కదలకూడదు. ఇది రాసిందీ సోల్వైయే, నాలుగు భాషల్లో అచ్చు వేయించి గోడకు అంటించిందీ సోల్వైయే.

పదీ ఇరవైకి మెటా అనే డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ లిండోర్మ్ ఎక్కింది. మొదటి దిగుడులో నోరారా కేక పెట్టింది. కేకతోపాటు పై పళ్ల సెట్టు కూడా బయటికి వచ్చి, కంచె లోపలి గడ్డిలో ఎక్కడో పడింది.

బండి దిగీ దిగగానే మెటా వచ్చి సోల్వైకి విషయం చెప్పింది. ఆమె నోట గాలి వచ్చినంతగా మాట రాలేదు. మూడోసారికి సంగతి అర్థమైంది. పడిపోయిన వస్తువులు సాయంత్రం పార్కు మూశాకే తీస్తామని సోల్వై మర్యాదగా చెప్పింది. మెటా చేతిసంచిలోంచి మూడు పేజీల కాగితాలు తీసి చూపించింది. పన్నెండింటికి అక్కగారి ఎనభయ్యో పుట్టినరోజు విందు. ముప్పైమంది చుట్టాల ముందు ఈవిడే లేచి మాట్లాడాలి. కాగితం వెనక పెన్నుతో ఇంకో మాట రాసి సోల్వైకి అందించింది: "అరవై ఏళ్లుగా మా అక్కను ఒక్క మాట అనలేదు. ఇవాళ అందామనుకున్నాను."

అది చదివాక సోల్వై మనసు ఆగలేదు. నియమం తప్పకుండానే అయిదు నిమిషాల్లో తెచ్చిస్తానంది.

లిండోర్మ్‌ను నడిపేది ఇవాల్ద్. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. బండి ఆపమంటే ఆపాడు. తాళంచెవులు రెండూ పెట్టెలో పెట్టాడు. సోల్వై పెట్టెకు తన తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, తలకు హెల్మెట్టు తగిలించుకుని లోపలికి నడిచింది. ఇవాల్ద్ గేటు పట్టుకోవాలి. పట్టుకున్నాడు కూడా. అయితే వరసలో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టేసరికి, వాళ్లకు సర్ది చెప్పడానికి గేటు కింద ఒక చెక్కముక్క దోపి నాలుగడుగులు అటు వేశాడు. గాలికి ఆ చెక్కముక్క అంగుళం అంగుళం జరగసాగింది. అది చూసింది మెటా ఒక్కతే.

"ఫలుఫు మూఫుకుంఫోంది," అంది ఆవిడ కంగారుగా.

ఇవాల్ద్ చెవి దగ్గరగా పెట్టి, "వాఫులా? ఆ పచ్చ కొట్టుంది చూడండి, అక్కడ వేడివేడిగా దొరుకుతాయి," అని చెయ్యి చాచి చూపించాడు.

అతని వెనక గేటు టక్కుమని మూసుకుంది.

మూడో స్తంభం దగ్గర పళ్లు దొరికిన సంతోషంలో వెనక్కి వచ్చిన సోల్వైకి, పిడి ఉండవలసిన చోట రెండు కన్నాలు కనిపించాయి. వల అవతల ఇవాల్ద్ మొహం కనిపించింది. గేటుకున్న ఒకే ఒక్క తాళంచెవి పెట్టెలో ఉంది. పెట్టె బయట ఉంది. పెట్టె తాళంచెవి ఆమె జేబులో ఉంది. ఆమె లోపల ఉంది. ఈ చెవిని వలలోంచి అందిద్దామంటే, పసిపిల్ల వేలు కూడా దూరకూడదని పట్టుబట్టి ఆ వల ఎంచింది సోల్వైయే.

ఇక మిగిలింది కంచె పైనుంచి విసరడమే. చెవి చూస్తే గోరంత. గాలి చూస్తే విపరీతం. ఉత్తినే విసిరితే ఎక్కడ పడుతుందో తెలియదు. బరువుకోసం అటూ ఇటూ చూసి, చెవిని, మెటా పళ్లను కలిపి చేతిరుమాలులో మూటకట్టింది. ఇవాల్ద్‌ను దోసిలి పట్టమని చెప్పి, ఊపిరి బిగబట్టి విసిరింది. విసురు బాగానే ఉంది. మూట కంచె దాటింది. ఇవాల్ద్ దోసిలికి మూరెడు దూరంలో ఉండగా, ఒక సీగల్ పక్షి వచ్చి దాన్ని ముక్కున కరుచుకుపోయింది. జనం చేతుల్లోని సాసేజీలు ఎత్తుకుపోవడం అలవాటైన పక్షి అది. నేరుగా వెళ్లి లిండోర్మ్ కొసన, ముప్పై మీటర్ల ఎత్తున వాలింది.

పైకి వెళ్లడానికి మెట్లున్నాయి. అవి కంచె లోపలే ఉన్నాయి. కానీ నడుముకు భద్రతా పట్టీ లేకుండా ఎవరూ మెట్లెక్కకూడదు. పట్టీ ఇవాల్ద్ గదిలో వేలాడుతోంది. ఆ నియమం కూడా ఎవరు రాశారో చెప్పక్కర్లేదు.

ఈలోగా పార్కు డైరెక్టరు మొగెన్స్ పరుగున వచ్చాడు. వరస ఆగిపోయింది, జనం పోగయ్యారు, భద్రతాధికారి కంచెలో ఉంది, అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. అధికారి రావడానికి ఇరవై అయిదు నిమిషాలే ఉంది. మొగెన్స్‌కు కంగారులో వచ్చే ఆలోచనలన్నీ మైకు దగ్గరికే దారి తీస్తాయి. మన పార్కులో ఇప్పుడు భద్రతా విన్యాసం జరుగుతోందని, అందరూ దగ్గరికి వచ్చి చూడవచ్చని ప్రకటించాడు. దాంతో మిగతా పార్కు కూడా అక్కడికి వచ్చేసింది. తండ్రులు పిల్లలను భుజాలకెత్తుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

మైకు కట్టేసి మొగెన్స్ ఇవాల్ద్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బండి ఒక్క చుట్టు తిప్పు. ఆ చప్పుడుకి పక్షి బెదిరి మూట వదిలేస్తుంది."

"సోల్వై లోపలుంది."

"ఓ మూల నుంచుంటుందిలే. ఆఫీసులో బండికి ఇంకో తాళంచెవి ఉంది, తెప్పిస్తాను. నేను చెప్తున్నాగా, తిప్పు."

"నువ్వు ఒక భాషలో చెప్తున్నావు. గోడమీద నాలుగు భాషల్లో వద్దని ఉంది."

"పోనీ పెట్టె తాళం పగలగొట్టు."

"సుత్తి వర్క్‌షాపులో ఉంది. వర్క్‌షాపు తాళంచెవి సోల్వై దగ్గరుంది."

మొగెన్స్ బతిమాలాడు, కోప్పడ్డాడు, ఇరవై ఏళ్ల స్నేహం గుర్తుచేశాడు. ఇవాల్ద్ చేతులు కట్టుకుని ఎర్రపెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. వల ఇవతలి నుంచి ఇదంతా వింటున్న సోల్వైకి, గేటు వదిలేసినందుకు అతన్ని తిట్టాలో, పెట్టె వదలనందుకు కౌగిలించుకోవాలో తెలియలేదు.

పైన పక్షి మూట విప్పింది. లోపలున్నది చూసి, ఒకసారి కొరికి, దానికి పళ్లతో పనిలేదని తేల్చుకుని అంతా కింద పడేసింది. సోల్వై హెల్మెట్టు తీసి వెల్లకిలా తిప్పి పట్టుకుని పరుగెత్తింది. ముందు పళ్లు పడ్డాయి, వెనక చెవి పడింది, ఆఖరున చేతిరుమాలు తీరిగ్గా ఊగుతూ వచ్చింది. మూడూ హెల్మెట్టులోనే పడ్డాయి. జనం ఈలలు వేశారు. సోల్వై తెలియకుండానే వంగి నమస్కారం చేసింది. చేశాక గుర్తొచ్చింది, అన్నీ మళ్లీ కంచె లోపలికే వచ్చాయని.

మొగెన్స్ నిచ్చెన తెప్పించాడు. సోల్వై ఎక్కనంది. రెండొందలమంది పిల్లల ముందు తానే కంచె దాటితే రేపట్నుంచి ఎవరిని ఆపగలనని అడిగింది. మొగెన్స్ నిచ్చెనను వెనక్కి పంపించేశాడు. ఆమె మళ్లీ చెవిని మూటకట్టి, చెయ్యి వెనక్కి లాగి గురి చూస్తుండగా, వెనక నుంచి ఎవరో పలకరించారు.

"ఏమండీ, ఇక్కడ టాయిలెట్ ఎటువైపు?"

తిరిగి చూస్తే ఒక పెద్దమనిషి. బూడిదరంగు కోటు, మీసాలకు పంచదార పొడి. కంచె లోపల, గడ్డిలో, పట్టాల కింద నిలబడి ఉన్నాడు.

అరగంట నుంచి సోల్వై మింగుతున్న అవమానమంతా ఆ మనిషి మీద కుమ్మరించింది. ఎవరు మీరంది. ఎలా వచ్చారంది. పట్టాల కింద నిలబడ్డం అంటే ఏమిటో తెలుసా అంది. పోయిన వేసవి టోపీ కథ చెప్పింది. ఆ మనిషి బడిపిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "బండి ఆగే ఉంది కదండీ," అన్నాడు.

"ఆగినట్టు కనిపిస్తోంది. ఆగిందని మీకు ఎవరు చెప్పారు? తాళంచెవి మీ జేబులో ఉందా?"

"లేదు," అని ఒప్పుకున్నాడాయన.

ఇదీ విన్యాసంలో భాగమేనని మొగెన్స్ మైకులో చెబుతుండగా, ఆ మనిషి పెన్నుకోసం కోటు తెరిచాడు. లోపల తనిఖీ శాఖ గుర్తింపు కార్డు వేలాడుతోంది. ఓలుఫ్ బిస్‌గోర్ అని పేరు. మైకు కట్టడం మరిచిపోవడంతో మొగెన్స్ వదిలిన నిట్టూర్పు పార్కంతా వినపడింది.

బిస్‌గోర్ పదింటికే టికెట్టు కొనుక్కుని వచ్చాడట. అధికారిగా వస్తే అందరూ చూపించదలచిందే చూపిస్తారని ముందుగా వచ్చి మామూలు మనిషిలా తిరగడం ఆయన అలవాటు. వాఫుల్ కొట్టు పక్కన నిలబడి మొదటి నుంచీ అంతా చూశాడు, ఇవాల్ద్‌కూ మొగెన్స్‌కూ నడిచిన సంభాషణతో సహా. రెండు వాఫుల్స్ తిన్నాక అవసరం పడి కొట్టావిడను దారి అడిగితే, రెండు చేతులూ పిండిలో ఉన్న ఆవిడ మోచేత్తో చూపించింది. ఆయన ఒక తలుపు బదులు ఇంకో తలుపు తీశాడు. పిండి బస్తాలు దించుకునే ఆ పెరటి తలుపు నేరుగా కంచె లోపలికి తెరుచుకుంది. కంచె బిగించినవాళ్లు కొట్టు గోడను కూడా కంచె కిందే లెక్కేశారు. గోడకు తలుపుంటుందేమోనని ఎవరూ అడగలేదు.

సోల్వై వెనక్కి తిరిగి చూసింది. పచ్చ తలుపు బార్లా తెరిచి ఉంది. ఇరవై అడుగుల దూరం. అరగంటగా అక్కడే ఉంది. వచ్చే వాసన వాఫుల్స్‌దేనని కూడా ఆమెకు తెలుసు.

ఇద్దరూ కొట్టులోంచే బయటికి వచ్చారు. సోల్వై పళ్లను మూడుసార్లు వేడినీళ్లలో కడిగి మెటాకు ఇచ్చింది. అవి పెట్టుకోగానే ఆవిడ మొదట ఇవాల్ద్ వైపు తిరిగింది.

"తలుపు మూసుకుంటోందని చెప్పాను నాయనా."

"నాకు వాఫుల్ అని వినపడింది," అన్నాడు ఇవాల్ద్ తల గోక్కుంటూ. మెటా ఇంకేమీ అనలేదు. అనవలసినదంతా అక్కకోసం దాచుకుని, పదకొండుంబావు బస్సుకు వెళ్లిపోయింది.

ఆఫీసులో దాల్చినచెక్క రొట్టె ఎవరూ ముట్టుకోలేదు. బండిని మూసేస్తారనీ, తన పని పోతుందనీ సోల్వై సిద్ధపడి కూర్చుంది. బిస్‌గోర్ రాసుకుంటూ పోయాడు. కంచె తనిఖీలో తప్పిందన్నాడు. కొట్టు తలుపుకు తాళం, గేటుకు పిడి పడేదాకా లిండోర్మ్ కదలకూడదన్నాడు. ఆ పిడి బుధవారం కాదు, ఇవాళే రావాలన్నాడు. మొగెన్స్ తల ఊపాడు. తర్వాత బిస్‌గోర్ పెన్ను ఆపి, ముప్పై ఏళ్ల నౌకరీలో డైరెక్టరే బతిమాలుతున్నా బండి కదలని పార్కును ఇదే మొదటిసారి చూశానన్నాడు. కంచెలు ఎవరైనా కొనవచ్చుననీ, పెట్టెకు అడ్డం నిలబడే మనిషి దొరకడమే కష్టమనీ అన్నాడు. ఆ నియమం కాగితం కాపీ ఒకటి ఇస్తే మిగతా పార్కుల వాళ్లకూ చూపిస్తానన్నాడు.

సోల్వై కాపీ ఇచ్చింది. దానితోపాటు సొరుగులోంచి ఇంకో కాగితం తీసి ఆయన ముందుకు జరిపింది. నిషేధిత ప్రాంతంలోకి వెళ్లిన సందర్శకులు ఎవరైనా సరే పూర్తి చేయవలసిన ఫారం అది. ఇది అవసరమా అన్నట్టు మొగెన్స్ దగ్గాడు. సోల్వై పెన్ను కూడా అందించింది.

బిస్‌గోర్ కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా పూర్తి చేశాడు. పేరు, వయసు, వెళ్లిన కారణం, అన్నీ రాశాడు. ఆఖరి ప్రశ్న దగ్గర కొంచెం ఆగాడు: లోపలికి వెళ్లినప్పుడు వెంట పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? అరవై రెండేళ్ల బిస్‌గోర్ ఆలోచించి, లేరని రాసి సంతకం చేశాడు.