నా పేరు చెప్పుండ్రి

మంజీర పొంగి సాలూర వంతెన మునిగిన ఏడాది రాజేశ్వరన్న చారిత్రక ప్రకటన చేశాడు. వరద బాధితుల పరామర్శకని పడవ ఎక్కినవాడు, ఫోటో తీసేదాకా ఆగి, నడుంలోతు నీళ్లలో నిలబడ్డ జనంతో అన్నాడు:

"సొంతిల్లున్నోళ్ల కరెంటు బిల్లు మీద, నల్లా బిల్లు మీద పన్నేస్తరంట. నా పానం పోయినా పడనియ్య!"

"అన్నా, మా ఇల్లే కొట్టుకపాయె," అన్నాడొకడు.

"గట్లనా? అయితే నీకు పన్ను లేదు. ఖుషీ చెయ్యి."

ఇంతటి ముందుచూపున్న నాయకుడు బోధన్‌లో తమ గల్లీకే దొరకడం అదృష్టమని ఆత్మారాం అనుకున్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దింపి దింపి కట్టుకున్న రెండు గదుల ఇల్లు అతనిది. గేటు మీద భార్య పేరు రాయించాడు: సాయవ్వ నిలయం. మాట తక్కువ మనిషి. ఆ పేరు మాత్రం వచ్చినవాళ్లకు తానే చదివి వినిపించేవాడు.

ఆదివారం గల్లీలో షామియానా వేశారు. పన్ను ఓనర్లకే గానీ కిరాయిదార్లకు లేదని అన్న కనిపెట్టాడు.

"సర్వేకు వస్తరు. ఓనర్ ఎవరని అడుగుతరు. బుగులు పడకుండ్రి. నా పేరు చెప్పుండ్రి!"

చప్పట్లు మోగాయి. ఏ ఆపదకైనా అన్న ఇచ్చే మందు అదే. వెనక ఒకసారి దవాఖానలో ఆత్మారాం ఆ పేరు చెబితే, లైను చివరకు పొమ్మన్నారు. పేరులో లోపం ఉండదు, తాను చెప్పిన తీరే బాగా లేదని అప్పుడు సరిపెట్టుకున్నాడు.

సర్వేకు నిరోష అనే పిల్ల ఫోను పట్టుకొని వచ్చింది.

"తాతా, ఈ ఇంటి ఓనర్ ఎవరు?"

ఆత్మారాం గేటు వైపు చూడకుండా జవాబిచ్చాడు. "రాజేశ్వరన్న."

లోపల గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది.

"పక్కింటోళ్లు గూడ గదే పేరు చెప్పిండ్రు. గల్లీ మొత్తం ఆయనదేనా?"

"అవు."

"మరి కిరాయి?"

"అడగడు."

"గిసుంటి ఓనర్ మాకు దొరకకపాయె!" అని నిరోష ఫోనులో నొక్కుకుంటూ పోయింది.

పిల్ల అటు పోగానే సాయవ్వ బయటికొచ్చింది. "ఏందయ్యా, కట్టుకున్న ఇంట్ల కిరాయికుంటున్నమా?"

ఆత్మారాం తువ్వాలతో గేటు మీది దుమ్ము దులిపాడు.

సర్వేలో గల్లీ అంతటికీ ఒక్కడే ఇల్లుగలవాడు తేలాడు. మిగతా గల్లీల్లోనూ ఇదే తీరు. ఇంతమంది పేదల ఊళ్లో వసూలయ్యేదేముందని సర్కారు ఆ పన్ను మాటే విడిచిపెట్టింది. అన్నను బ్యాండుతో ఊరేగించారు. ఆత్మారాం కూడా దండ వేశాడు.

ఆ సాయంత్రమే పెయింటర్ రామస్వామి వచ్చి, సాయవ్వ పేరు మీద తెల్లరంగు పూసి, నీటుగా రాశాడు: రాజేశ్వర్ నిలయం. పక్కింటి మీదా అదే. ఎదురింటి మీదా అదే.

"నా పేరు తుడుస్తున్నడు, సూసుకుంట నిలబడ్డవా?" అంది సాయవ్వ.

అంతలో అన్నే వచ్చాడు. ఆత్మారాం భుజం మీద చెయ్యేశాడు.

"సర్కారు ఫోన్ల ఎక్కింది బాపూ. ఇప్పుడు కాదంటే మీరు అబద్ధం చెప్పినట్టయితది. మీ ఇజ్జత్ కోసమే నేను ఊకున్న. మిమ్మల్ని ఖాళీ చేయమంటనా? మీ సొంతిల్లు లెక్కనే ఉండుండ్రి."

మరునాడు పొద్దున్నే ఆత్మారాం ట్యాంకు నీళ్లు బంద్ చేసి, కారుతున్న నల్లా విప్పి తువ్వాలలో చుట్టుకొని బయలుదేరాడు. అది చూసి పక్కింటాయన తిరగని ఫ్యాను పట్టుకొని వెంటనడిచాడు. ఎదురింటాయన విరిగిన కిటికీ రెక్క చంకన పెట్టుకున్నాడు. అన్న ఇంటి మెట్ల దాకా వరుస సాగింది.

అన్న పళ్లపుల్ల నోట్లో పెట్టుకొని బయటికొచ్చాడు. "ఏంది బాపూ ఇదంత? నా దగ్గరికి ఎవలు పొమ్మన్నరు?"

ఆత్మారాం తువ్వాల విప్పి, నల్లా మెట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

"ఓనర్ సాబ్‌వి గదన్నా," అన్నాడు. "బాగు చేయించు."